తిరిగిరాని శకటము

విశాఖపట్టణపు లోపలి రేవును చూచినవారికి ఒక సంగతి తెలియును. సముద్రమునుండి ఆ రేవులోనికి పోవుటకు ఇరుకైన కాలువ ఒక్కటే దారి. డాల్ఫిన్స్ నోస్ అను కొండ దానికొక ప్రక్క కావలివానివలె నిలిచియుండును. 1933లో తెరువబడిన నాటినుండి ఎన్నియో ఓడలు ఆ దారినే లోనికి వచ్చినవి, ఆ దారినే వెలుపలికి పోయినవి. ఓడను లోనికి తెచ్చు పైలట్టు నిలుచుటకు చోటు కలదా యని మాత్రమే చూచి ఊరకుండడు. మరల వెలుపలికి పోవునపుడు దారి యుండునా యని కూడ చూచును. కాలువకు అడ్డముగా ఏదేని నిలిచిపోయినచో, లోపల నెంత చోటున్నను ఆ ఓడ బందీయే.

చదరంగమునందును ఒక్కొక్కప్పుడు పావులకు ఇట్టి దశ పట్టును. 2024వ సంవత్సరము నవంబరు 27వ తేదీన సింగపూరులో జరిగిన ఒక ఆటలో ఒక శకటము శత్రువుల రేవులోనికి చొరవతో పోయి, తిరిగివచ్చు కాలువ మూసికొనిపోగా అచ్చటనే చిక్కుకొనెను. ఆడినవారిలో ఒకరు చైనా దేశీయుడైన డింగ్ లిరెన్, అప్పటి జగజ్జేత. రెండవవాడు చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన దొమ్మరాజు గుకేశ్. అప్పటికి పదునెనిమిదేండ్ల యువకుడు.

చదరంగము తెలుగువారికి క్రొత్త గాదు. శ్రీకృష్ణదేవరాయలతో సమానముగా చదరంగమాడగలిగిన బొడ్డుచర్ల తిమ్మన యను కవి యొకడుండెననియు, ఆ నేర్పునకు మెచ్చి రాయలు అతనికి కొప్పోలు గ్రామము నిచ్చెననియు పెద్దలు చెప్పుదురు. మన కాలమున గుంటూరునకు చెందిన పెంటల హరికృష్ణ 2001లోను, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లోను గ్రాండ్‌మాస్టరు బిరుదమును పొందిరి. హరికృష్ణ పేరు ఈ కథలో మరల వచ్చును.

గుకేశ్ 2006లో జన్మించెను. తండ్రి చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు చికిత్స చేయు వైద్యుడు. తల్లి సూక్ష్మజీవశాస్త్రము నెరిగిన విదుషి. 2013లో చెన్నపట్టణమున విశ్వనాథన్ ఆనంద్‌నకును, నార్వే దేశీయుడైన మాగ్నస్ కార్ల్‌సెన్‌నకును జగజ్జేతృత్వమునకై పోటీ జరిగినపుడు, ఏడేండ్ల బాలుడైన గుకేశ్ దానిని చూచి, తానును ఒకనాడు ఆ బల్లయొద్ద కూర్చుండవలెనని కోరుకొనెను. పండ్రెండేండ్ల ఏడు నెలల వయస్సున, 2019 జనవరిలో, గ్రాండ్‌మాస్టరయ్యెను. 2024 ఏప్రిల్‌లో కెనడాలోని టొరంటో నగరమున జరిగిన పోటీలో గెలిచి, జగజ్జేతతో తలపడు అర్హతను సంపాదించుకొనెను.

సింగపూరు పోటీలో పదునాలుగు ఆటలు ఆడవలెనని నియమము. గెలుపునకు ఒకటి, సమమునకు అర చొప్పున లెక్కించి, ముందుగా ఏడున్నర పొందినవాడు విజేత. గుకేశ్ మొదటి ఆటలో తెల్లపావులతోనే ఓడిపోయెను. ముందుగా ఎత్తు వేయు హక్కు తెల్లపావులవానిదే గనుక అది కొంత అనుకూలము. ఆ యనుకూలముండియు ఓడుట మిక్కిలి కష్టము కలిగించు విషయము. రెండవ ఆట సమమయ్యెను. మూడవ ఆటలో మరల తెల్లపావులు అతని వంతునకు వచ్చినవి. ఇదియు చేజారినచో రెండు ఆటల వెనుకబాటు. జగజ్జేతపై అంత వెనుకబాటును తీర్చుకొనుట ఎంతటివానికిని సులభము గాదు.

ఆ ఆటను గ్రహించుటకు ముందు కొన్ని పేర్లు నిశ్చయించుకొనవలెను. మన దేశమున పావుల పేర్లు ప్రాంతమునకొక రీతిగా నున్నవి. ఇచ్చట మూలలయందు నిలిచి నిలువుగను అడ్డముగను నడచుదానిని ఏనుగు అందము. దాని ప్రక్కనిది గుఱ్ఱము. గుఱ్ఱమునకు ప్రక్కనుండి ఐమూలగా మాత్రమే నడచునది శకటము. నడుమ రాజును మంత్రియు నుందురు. ముందు వరుసలో ఎనమండుగురు బంట్లు. గడులను గుర్తించుటకు, తెల్లవారి ఎడమచేతివైపునుండి నిలువు వరుసలకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అను అక్షరములును, తెల్లవారివైపునుండి అడ్డవరుసలకు 1 మొదలు 8 వరకు అంకెలును వాడుదురు. బల్లను ముందుంచుకొని ఎత్తులను వేసి చూచినచో ఈ పాఠము సులభముగా బోధపడును. ఊరక చదివినచో సగమే బోధపడును.

గుకేశ్ మొదట మంత్రి ముందున్న బంటును రెండు గడులు జరిపి డి-4లో నిలిపెను. కొన్ని ఎత్తులలో ఆట చదరంగమున మిక్కిలి పాతదైన ఒక రూపమునకు వచ్చెను. తెల్లబంట్లు డి-4, సి-4 గడులలోను, నల్లబంట్లు డి-5, ఇ-6 గడులలోను నిలిచినవి. దీనిని ఆంగ్లేయులు క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అందురు. గాంబిట్ అను మాట ఇటలీ దేశపు మల్లయుద్ధమునుండి వచ్చినది. కాలు అడ్డుపెట్టి ఎదిరిని పడద్రోయుట దాని అర్థము. తెల్లవారు సి-4లోని బంటును ఎరగా చూపుదురు. నల్లవారు ఆశపడి దానిని కొట్టినచో డి-5లోని తమ బంటు బల్ల నడుమనుండి తొలగిపోవును. పైగా కొట్టి తెచ్చుకొన్న బంటును కడవరకు దక్కించుకొనుట కష్టము. కావున ఈ దానము పేరునకు మాత్రమే దానము. ఆ దానమును త్రోసిపుచ్చి, డి-5లోని బంటునకు ఇ-6 బంటును అండగా నిలుపుటయే ఈ రక్షణ.

ఈ యెర పదునైదవ శతాబ్దము చివరనాటి వ్రాతప్రతిలోనే కనబడుచున్నది. 1927లో బ్యూనస్ ఎయిరీస్ నగరమున కపబ్లాంకా, అలెఖైన్ అను మహాక్రీడాకారులు జగజ్జేతృత్వమునకై ముప్పది నాలుగు ఆటలాడగా, అందు ముప్పదిరెండింటిలో ఈ రక్షణయే వచ్చెను. అంత బలమైన కోటకును ఒక లోపమున్నది. నల్లవారి శకటములలో సి-8 గడినుండునది ఇ-6లోని స్వంత బంటుచేతనే మూయబడును. ఇంటి గోడ దృఢముగా కట్టితిమి గాని, ఆ గోడ ఇంటివాని వాకిలికే అడ్డమైనది. ఈ శకటమును వెలుపలికి తెచ్చుట యెట్లు అను ప్రశ్నకు సమాధానములు వెదకుచు ఎన్నో తరముల ఆటగాండ్రు తలలు బ్రద్దలు కొట్టుకొనిరి. ఈ రక్షణ చరిత్రలో పెద్దభాగము ఆ యొక్క పావు కథయే యనిన అతిశయోక్తి గాదు.

గుకేశ్ నాలుగవ ఎత్తున సి-4లోని బంటుతో డి-5లోని బంటును కొట్టెను. డింగ్ ఇ-6లోని బంటుతో తిరిగి కొట్టెను. దీనివలన ఇ-6 గడి ఖాళీయై, చిరకాల ఖైదీయగు శకటమునకు వాకిలి తెరువబడెను. తరువాత గుకేశ్ మంత్రిని సి-2లో నిలిపి, శకటము ఎఫ్-5నకు రాకుండ కాపు పెట్టెను. డింగ్ జి-6నకు బంటును జరిపి ఎఫ్-5 గడిని బలపరచుకొని, ఏడవ ఎత్తున శకటమును అచ్చటికి తెచ్చెను. నల్లవారికిది సంతోషింపదగిన ఘట్టము. ఇంటిలో మ్రగ్గవలసిన పావు స్వేచ్ఛగా వెలుపలికి వచ్చినది.

శకటము ఇల్లు విడిచినందున బి-7 గడిలోని నల్లబంటునకు కాపు పోయెను. గుకేశ్ వెంటనే మంత్రిని బి-3నకు తెచ్చి దానిని బెదిరించెను. డింగ్ తన మంత్రిని బి-6లో నిలిపి ఎదుర్కొనెను. అప్పుడు గుకేశ్ జి-4నకు బంటును త్రోసి ఎఫ్-5లోని శకటమును తరిమెను. డింగ్ మొదట మంత్రిని మంత్రితో మార్చుకొనెను. గుకేశ్ ఏ-2లోని బంటుతో బి-3లో తిరిగి కొట్టెను. పిమ్మట డింగ్ శకటమును వెనుకకు లాగుకొనలేదు. ఎఫ్-5నుండి ఇ-4, డి-3 గడుల మీదుగా తిన్నగా సి-2లోనికి, తెల్లరాజు ఇంటిముంగిటికే, పంపెను. పదవ ఎత్తునకే ఒంటరి శకటము శత్రువుల రెండవ వరుసలో నిలిచి బి-3లోని బంటుపై కన్నువేసినది.

ఇది మూర్ఖత్వమని తలపరాదు. అచ్చట దానిని పట్టగల తెల్లపావు ఆ క్షణమున ఒక్కటియు లేదు. వచ్చిన దారి తెరచియే యున్నది. తెల్లవారి ఏనుగు, గుఱ్ఱము దానిని కనిపెట్టుకొని యుండవలసి వచ్చును. అయినను ఇ-4 గడి ఆ దారికి ఆయువుపట్టు. అచ్చట ఒక్క తెల్లబంటు కాపుతో నిలిచినచో కాలువ పూడినట్లే.

గుకేశ్ ఈ ఘట్టమువరకు గడియారమును దాదాపు ముట్టుకొననేలేదు. అతని వెంటనున్న సహాయకులలో మన హరికృష్ణ యొకడు. పోటీలకు ముందు నెలల తరబడి ఇట్టి మార్గములను ఇంటియొద్దనే పరిశీలించి యుంచుకొనుట నేటి పెద్ద ఆటగాండ్ర అలవాటు. ఎదిరికి అవి క్రొత్తవి గనుక అతడు బల్లయొద్దనే ఆలోచింపవలెను. డింగ్ చాలసేపు ఆలోచించెను. నలువది ఎత్తులకు ఇరువురికిని తలకొక రెండు గంటలు గడువు. 41వ ఎత్తునుండి గాని ఎత్తుకు ఇన్ని క్షణములని అదనపు కాలము లభింపదు. కావున మొదట వ్యయపరచిన ప్రతి నిమిషమును తరువాతి ఎత్తుల లెక్కనుండి అప్పుగా తెచ్చుకొన్నదే.

పదునాలుగవ ఎత్తున గుకేశ్ తన గుఱ్ఱమును ఎఫ్-3నుండి డి-2నకు వెనుకకు తెచ్చెను. వెనుకంజ వలె కనబడు ఈ ఎత్తులో రెండు ప్రయోజనములున్నవి. బి-3లోని బంటునకు కాపు దొరకినది. ఎఫ్ వరుసలోని బంటు ముందుకు నడచుటకు దారి యేర్పడినది. డింగ్ ఏనుగును జి-8నకు జరిపి, రెండెత్తుల పిమ్మట మరల హెచ్-8నకే తెచ్చెను. యుద్ధమున సైనికుడొకడు పోయి తిరిగి వచ్చిన చోటనే నిలిచినచో, అది ఎదిరికి ఉచితముగా ఇచ్చిన సమయమే. ఆ వ్యవధిలో తెల్లబంటు జి-5నకు నడచి గుఱ్ఱమును తరిమినది. మరియొక బంటు ఎఫ్-3లో నిలిచినది. ఇ-4నకు ఇక కాపు సిద్ధము.

పదునెనిమిదవ ఎత్తున గుకేశ్ శకటమును జి-3లో నిలిపెను. ఇప్పుడు నల్లవారి వంతు. సి-2నుండి ఎఫ్-5వరకు దారి ఇంకను తెరచియే యున్నది. శకటము అప్పుడే ఇంటిదారి పట్టియుండినచో పరువు కొంత తగ్గినను ప్రాణము దక్కెడిది. డింగ్ అట్లు చేయలేదు. ఏనుగును హెచ్-5నకు తెచ్చి జి-5లోని బంటును బెదిరించెను. ఒక బంటును పట్టుకొను ఆశలో ఒక శకటమును మరచుట పెద్దలకును కలుగు పొరపాటే. గుకేశ్ వెంటనే ఇ-4నకు బంటును త్రోసెను.

విద్యార్థులు బల్లపై ఇచ్చట నొకమారు ఆగి, ఆ శకటమునకు ఏ గడి మిగిలెనో వెదకవలెను. డి-3నకు పోయినచో ఎఫ్-1లోని తెల్లశకటము కొట్టును. బి-1నకు గాని డి-1నకు గాని పోయినచో ఏ-1లోని ఏనుగు కొట్టును. బి-3లోని బంటును కొట్టినచో డి-2లోని గుఱ్ఱము కొట్టును. ఇ-4లోని బంటును కొట్టినను ఎఫ్-3లోని బంటు తిరిగి కొట్టును. ఉన్నచోటనే నిలిచినచో ఏనుగు సి-1నకు వచ్చి కొట్టును. ఒక్క బంటు రెండు గడులు నడచినందున అన్ని దారులును మూసికొనిపోయినవి. ఇంటినుండి వెలుపలికి వచ్చు దారి లేదని నూరేండ్లు మొరపెట్టుకొన్న శకటము, ఈ ఆటలో వెలుపలినుండి ఇంటికి పోవు దారి లేక చిక్కుకొన్నది.

డింగ్ జగజ్జేత, పట్టుబడిన పావును ఊరక అప్పగింపలేదు. బంట్ల మార్పిడి పిమ్మట గుఱ్ఱమును ఇ-6నకు తెచ్చి, గుకేశ్ ఏనుగును సి-1నకు తేగానే, ఆ గుఱ్ఱముతో డి-4లోని బంటును కొట్టి, అచ్చటనుండి సి-2లోని శకటమునకు అండ కల్పించెను. ఇప్పుడు శకటమును కొట్టిన ఏనుగును గుఱ్ఱము కొట్టగలదు. గుకేశ్ తొందరపడలేదు. శకటమును ఎఫ్-2నకు తెచ్చి మొదట ఆ గుఱ్ఱమునే బెదిరించెను. తరువాత తన గుఱ్ఱమును ఇ-2నకు మరల్చి మరల బెదిరించెను. కాపు కాయువానిని తొలగించిన గాని ఖైదీ చిక్కడని అతడు గ్రహించెను. డింగ్ గుఱ్ఱము బి-3లోని బంటును కూడ కొట్టినది. అంతట గుకేశ్ ఏనుగు సి-2లోని శకటమును పట్టినది. వెంటనే గుఱ్ఱములు మారినవి. లెక్క చూడగా నల్లవారికి రెండు బంట్లు లాభము, ఒక శకటము నష్టము. సాధారణముగా శకటము మూడు బంట్లకు సమమని లెక్కింతురు. ఒక్క బంటే కదా తేడా యని తోచవచ్చును. కాని ఇట్టివారి ఆటలో ఆ తేడాయే చాలును.

ఆటయందు ఇంకను ప్రాణమున్నది. నల్లవారి ఏనుగు హెచ్-2వరకు చొచ్చి తెల్లరాజును బాధించినది. అయితే అప్పటికి డింగ్ గడియారమున నిమిషములు కరగిపోయినవి. చిక్కుపడిన ఆటను కాపాడుటకు చాల ఆలోచన కావలెను. ఆలోచనకు కావలసిన కాలము మొదటి ఎత్తులలోనే వ్యయమైపోయినది. 37వ ఎత్తునాటికి అతని గడువు తీరినది. నలువది ఎత్తులు నిండలేదు గనుక నియమము ప్రకారము గుకేశ్ గెలిచెను.

డింగ్‌ను గడియారము ఓడించెనని కొందరు చెప్పవచ్చును. ఆ మాట సగమే నిజము. గడువు తీరునప్పటికే బల్లపై అతని స్థితి చెడియున్నది. అట్లని కాలమునకు పాత్ర లేదనుటయు సరిగాదు. పదునెనిమిదవ ఎత్తునొద్ద అతనికి మరికొంత కాలము మిగిలియున్నచో ఆ శకటమును వెనుకకు పిలిచియుండునేమో. చదరంగమున బల్లయొకటి, గడియారమొకటి యని రెండు ఆటలు లేవు. బల్లపైని చిక్కు గడియారమున కనబడును, గడియారమందలి లోటు బల్లపై కనబడును.

ఈ గెలుపుతో ఇరువురును ఒకటిన్నర చొప్పున సమానులైరి. పిమ్మట వరుసగా ఏడు ఆటలు సమముగా ముగిసినవి. పదునొకండవ ఆటను గుకేశ్, పండ్రెండవదానిని డింగ్ గెలుచుకొనిరి, పదుమూడవది సమము. డిసెంబరు 12వ తేదీన చివరి ఆట ప్రారంభమగునప్పటికి ఇరువురికిని ఆరున్నర చొప్పున ఉన్నవి. ఈసారి తెల్లపావులు డింగ్‌వి. నాలుగు గంటలకు పైగా ఆడిన పిమ్మట బల్లపై మిగిలినవి కొద్దిపాటి పావులు. ఇరువురికిని తలకొక ఏనుగు, తలకొక శకటము. గుకేశ్‌నకు ఒక బంటు ఎక్కువ. జాగ్రత్తగా ఆడినచో అది సమముగా ముగియవలసిన ఆటయే. డింగ్ శకటము దూరమున ఏ-8 మూలగడిలో నిలిచియున్నది. 55వ ఎత్తున డింగ్ ఏనుగును ఎఫ్-2నకు తెచ్చి, ఏనుగుల మార్పిడికి దారి యిచ్చెను.

గుకేశ్ ఏనుగులను మార్చుకొని, తన శకటమును డి-5లో నిలిపెను. మూలనున్న శకటమునకు కదలుటకు ఒకే ఐమూల కలదు. ఆ ఐమూలకు నడుమ గుకేశ్ శకటము, దాని వెనుక కాపుగా అతని రాజు. అది ఎచ్చటికి కదలినను ఎదిరి శకటమును ఎదుర్కొనక తప్పదు. మార్పిడి జరిగినది, నల్లబంట్ల ముందడుగునకు అడ్డు లేకపోయెను. మరి రెండెత్తులకు డింగ్ ఓటమి నంగీకరించెను. ఏడున్నరకు ఆరున్నర. 1985లో ఇరువదిరెండేండ్ల వయస్సున జగజ్జేతయైన కాస్పరోవ్ పేరనున్న రికార్డు ఆనాడు పదునెనిమిదేండ్ల గుకేశ్‌నకు వచ్చెను. గుకేశ్ కన్నీరు తుడుచుకొని, చెదరిన పావులనన్నిటిని మరల వాని వాని గడులలో చక్కగా అమర్చి, ఆ పిమ్మట లేచెను.